మళ్ళీ చదవని మిషన్

పోయిన వారం బుల్లిని ఆసుపత్రి లిఫ్టు ముందు వదిలేశాం. పక్కన వదిన ఉంది. పై అంతస్తులో సూపరింటెండెంట్ మేడమ్ గదిలో విచారణ. మందులు కలిపే మిషన్‌ని ఈ మధ్యాహ్నమే ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేస్తారన్న కబురు అప్పుడే చెవిన పడింది. ఆ మిషన్ ఒక్కసారి ఆగిందంటే వదిన తప్పు లేదని చూపించడానికి ఇంకేమీ మిగలదు.

మొదటిసారి చదువుతున్నవాళ్ళ కోసం ఇంకొంచెం చెప్పాలి. బుల్లి ఈ ఆసుపత్రిలోనే కంప్యూటర్ ప్రోగ్రామర్. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి బుల్లి. ముప్పై దాటినా ఆ పిలుపు పోలేదు. వదిన, అంటే వాళ్ళ అన్నయ్య భార్య, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డులో నర్సు. ఆ పసివాళ్ళకి పాలు పట్టే వీలుండదు. ఉప్పులూ పోషకాలూ కలిపిన సంచి నరానికి ఎక్కించాలి. బిడ్డ బరువు కొడితే ఏది ఎంత కలపాలో మిషనే లెక్క కట్టి సంచి నింపుతుంది. ఆరువందల నలభై గ్రాముల ఆడపిల్లకి ఒక రోజు కిలో బిడ్డకి పట్టేంత సంచి వచ్చింది. పొటాషియం ఎక్కువై ఆ చిన్న గుండె తడబడింది. మానిటర్ మీద గీత మారడం చూసి, డాక్టర్ వచ్చేలోపే సంచి ఆపేసింది వదినే. బిడ్డ బతికింది. బతికించిన మనిషిని సస్పెండ్ చేశారు.

ఎందుకయ్యా అంటే, కొట్టిన బరువు సంచి నిండగానే మిషన్‌లోంచి చెరిగిపోతుంది. ఎవరు ఎంత కొట్టారో చూసుకునే దారి లేదు. సంచి కిలో బిడ్డకి సరిపోయేలా ఉంది కాబట్టి నర్సు కిలో అని కొట్టి ఉంటుందట. ఆ "ఉంటుందట" మీద పదిహేనేళ్ళ ఉద్యోగాన్ని పక్కన పెట్టేశారు. అప్పట్నుంచీ వదిన రోజూ యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలిస్తోంది. అన్నయ్య అది చూడలేక ఆ తలుపు వేయడం మానేశాడు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది.

సూపరింటెండెంట్ మేడమ్ గదిలో పెద్ద బల్ల, బల్లకి అటువైపు మేడమ్, పక్కన లాప్‌టాప్‌తో సర్వర్ సార్, చివర్లో ఫార్మసిస్టు ఉన్నారు. సర్వర్ సార్ అంటే కంప్యూటర్ విభాగానికి పెద్ద. ఎవరే కష్టం చెప్పుకున్నా "సర్వర్ ప్రాబ్లం" అనేస్తాడు కాబట్టి ఆసుపత్రంతా వెనకాల అలా పిలుస్తుంది.

వదినని ఎవరూ కూర్చోమనలేదు. బుల్లే కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఆ చప్పుడుకి మేడమ్ తలెత్తి చూసింది.

"చూడమ్మా," సర్వర్ సార్ మొదలుపెట్టాడు, "మోతాదు లెక్క కట్టే ప్రోగ్రామ్ ఎవరు రాశారు?"

"నేను రాకముందే ఎవరో రాశారు సార్. అందులో తప్పు కనిపెట్టి సరిచేసింది నేను."

"ఏమిటా తప్పు? మేడమ్‌కి చెప్పు."

"బరువుని దగ్గర్లో ఉన్న కిలోకి సర్దేసేది మేడమ్. మొదట్లో అది పెద్దవాళ్ళ కోసం రాసిన లెక్క, పసివాళ్ళకి వాడటం ఈ మధ్యే మొదలైంది. డెబ్భై కిలోల మనిషికి అరకిలో అటూ ఇటూ అయినా ఏమీ కాదు. కానీ ఆరువందల నలభై గ్రాములని కిలో అనుకుంటే? అందుకే ఆ సర్దుబాటు తీసేశాను."

"ఎప్పుడు?"

"పాపకి ఇలా కావడానికి రెండు వారాల ముందే."

సర్వర్ సార్ లాప్‌టాప్ తిప్పి చూపించాడు. "నువ్వు రాసింది ఇదేనా?"

"ఇదే."

"ఇందులో తప్పుందా?"

"లేదు."

"లేదు కదా!" ఆయన మేడమ్ వైపు తిరిగాడు. "నిన్న మీ ముందే దీన్ని నడిపి చూపించాను. లెక్క సరిగ్గానే వచ్చింది. తప్పు లేదని రాసిన మనిషే ఒప్పుకుంటోంది. ప్రోగ్రామ్ తప్పు కాదు, మిషన్ తప్పు కాదు. ఇక మిగిలిందెవరు?"

పేరు కూడా ఎత్తలేదు. గదిలో బీరువా ఎక్కడుందో చూపించినట్టు వదిన వైపు చెయ్యి చూపించాడు.

బుల్లి లాప్‌టాప్ వైపు చూసింది. తను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పని. ఒక్క బిడ్డకీ పొరపాటు జరగకూడదని చేసిన పని. దాన్నే తెచ్చి వదిన మెడకి చుడుతున్నాడు. కేకలేస్తే ఆడవాళ్ళు గొడవ చేశారంటారు. గొంతు తగ్గించింది.

"సార్, మీరు చూపిస్తున్నది ఫైలు. మిషన్ నడుస్తున్నది ఫైలుతో కాదు."

"అంటే?" మేడమ్ కళ్ళజోడు తలమీదకి తోసుకుంది. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"మిషన్‌లో రెండు ప్రోగ్రాములున్నాయి మేడమ్. పెద్దది పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది. చిన్నది మోతాదు లెక్క. పెద్దది మొదలయ్యేటప్పుడు చిన్నదాన్ని తెప్పించుకుని ఒక్కసారి చదివి గుర్తుపెట్టుకుంటుంది. అంతే. మళ్ళీ ఆ ఫైలు వైపు కన్నెత్తి చూడదు. మనం ఫైల్లో ఏం మార్చినా, పెద్దదాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టేదాకా దానికి తెలియదు."

"అదేం పద్ధతి?"

"ప్రతిసారీ చదువుతూ కూర్చుంటే ఆలస్యమవుతుందని. మా నాన్న పొద్దున్నే పేపర్ చదివేస్తాడు మేడమ్. మధ్యాహ్నానికి మంత్రి మారిపోయినా రాత్రి దాకా పాత మంత్రినే తిడుతుంటాడు. ఇదీ అంతే."

ఫార్మసిస్టు నవ్వబోయి, సర్వర్ సార్ మొహం చూసి దగ్గు కింద మార్చుకున్నాడు.

"మేడమ్, వీళ్ళిద్దరూ ఒక ఇంటివాళ్ళు," అన్నాడు సర్వర్ సార్. "వదిన కోసం ఆడపడుచు ఎన్ని కథలైనా చెబుతుంది. ఇది విచారణా, వీళ్ళింటి పంచాయితీనా?"

అప్పుడు నోరు తెరిచింది వదిన. ఆ గదిలోకి వచ్చాక అదే మొదటి మాట.

"ఆ బిడ్డని తూచింది నేనే సార్. తూచిన చేత్తోనే బరువు కొట్టాను. ఆరువందల నలభై. మా వార్డులో కిలో ఉన్న బిడ్డంటే పెద్దమనిషి కింద లెక్క. ఆ తేడా నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. మీరు ఎప్పుడైనా మా వార్డులోకి వచ్చి చూశారా?"

సర్వర్ సార్ చేతి గడియారం చూసుకున్నాడు. బుల్లి అది గమనించింది.

"మేడమ్, సార్ లాప్‌టాప్ నిన్ననే ప్రోగ్రామ్ తెరిచింది కాబట్టి కొత్త లెక్క చదువుకుంది. కింద మిషన్‌కి ఎర్ర టేపు వేశారే గానీ కంప్యూటర్ ఆపలేదు. ఆ రోజు ఏ లెక్కతో సంచి నింపిందో ఇప్పటికీ దాని బుర్రలో అదే ఉంది. దాన్నే అడుగుదాం. సార్ ఆపించేలోపు."

"ఆపించడమేమిటి?" మేడమ్ సర్వర్ సార్ వైపు తిరిగింది.

"మామూలు శుభ్రతే మేడమ్. టెక్నీషియన్‌ని పంపాను."

"విచారణ జరుగుతుంటే? ఎవరినడిగి పంపారు?"

ఆయన సర్వర్ గురించి ఏదో అనబోయాడు. మేడమ్ అప్పటికే లేచింది. లిఫ్టు కోసం కూడా ఆగలేదు, మెట్లు దిగింది. వెనకాలే అందరూ.

మందులు కలిపే గది బయట తలకి టోపీలూ కాళ్ళకి తొడుగులూ వేసుకోవాలి. ఎంత తొందరలో ఉన్నా మేడమ్ ఆ నియమం తప్పలేదు. లోపల స్పిరిట్ వాసన. టేపు సగం ఊడదీసి ఉంది. టెక్నీషియన్ మొహం కనిపించలేదు, బల్ల కిందినుంచి కాళ్ళు మాత్రం కనిపించాయి. ఏ ప్లగ్గు ఏ డబ్బాదో తేల్చుకోలేక తీగలు లాగి చూస్తున్నాడు.

"ఏదీ ముట్టుకోకు. బయటికి రా," అంది మేడమ్. అతను లేవబోయి బల్లకి తల కొట్టుకున్నాడు.

తెర ఇంకా వెలుగుతోంది. బుల్లి ఊపిరి వదిలింది.

"నేను ముట్టుకోను మేడమ్. మీరే కొట్టండి. నేనేదో మాయ చేశానని తర్వాత ఎవరూ అనకూడదు."

మేడమ్ ఒక్కో అంకె చూసుకుంటూ ఆరువందల నలభై కొట్టింది. క్షణంలో తెర మీద వరసగా కొలతలు వచ్చాయి. ఫార్మసిస్టు ముందుకి వంగి చదివాడు. ఇంకోసారి చదివాడు. జేబులోంచి ఫోన్ తీసి తెరని ఫోటో తీసుకున్నాడు.

"ఇది కిలో బిడ్డ లెక్క మేడమ్."

వదిన ఏడవలేదు. పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు లేచి, నిజంగా నేనే తప్పు కొట్టానేమోనని తనని తనే ప్రశ్నించుకున్న మనిషి. అలా అనుకునేలా చేశారు తనని. బుల్లికి అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

సర్వర్ సార్ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఒక్క నిమిషం. బుర్రలో పాతది ఉండిపోవడం వల్లే ఇలా వచ్చిందంటున్నావు. అయితే కొత్తది మళ్ళీ చదివించు. ఆపకుండానే చదివించొచ్చుగా? అందరి ముందూ చెయ్యి. సరైన లెక్క వస్తే నేనూ ఒప్పుకుంటాను."

"చెయ్యి," అంది మేడమ్.

తెర మీద, నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ఆదేశాలిచ్చే చిన్న కిటికీ ఒకటి ఉంది. బుల్లి అది తెరిచి, మోతాదు ఫైలుని మళ్ళీ చదువుకోమని ఆదేశం కొట్టింది. చదివాను అన్నట్టు జవాబు వచ్చింది. మేడమ్ మళ్ళీ ఆరువందల నలభై కొట్టింది.

మళ్ళీ అవే కొలతలు. కిలో బిడ్డవే.

సర్వర్ సార్ పగలబడి నవ్వలేదు గానీ, భుజాలు కదిలాయి. "చూశారా? కొత్తది చదివాక కూడా తప్పే వచ్చింది. అంటే తప్పు కొత్తదాంట్లోనే ఉంది. వదిన సంగతి తర్వాత, ఆడపడుచు రాసింది మాత్రం తప్పు."

"ఇందాక పైన ఇందులో తప్పే లేదన్నారు మీరు," అంది మేడమ్.

"ఇందాకటి మాట ఇందాకటిది మేడమ్."

బుల్లి కొలతలు మళ్ళీ చదివింది. ఎక్కడ? ఎక్కడ పొరపాటు? రాసిన ప్రతి అక్షరం గుర్తుంది. తప్పు లేదని తెలుసు. అయినా ఆ తెర మీద కిలో లెక్క కూర్చుని తన మొహంలోకి చూస్తోంది. వెనకనుంచి వదిన గొంతు వినిపించింది.

"బుల్లీ, కంగారుపడకు. నిదానంగా చూసుకో."

ఉద్యోగం పోయింది వదినది. ధైర్యం చెబుతున్నదీ తనే.

బుల్లి మొహం తుడుచుకుని పెద్ద ప్రోగ్రామ్ తెరిచింది. మొదటి పంక్తుల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. తనకి తెలియకుండానే బల్ల మీద ఒకటి చరిచింది.

"మేడమ్, ఇది మోతాదు ఫైలు దగ్గరికి వెళ్ళి లెక్క అడగడం లేదు. మొదలైన రోజునే అందులోంచి ఆ ఒక్క లెక్కనీ తీసుకుని, తన దగ్గర అదే పేరుతో పెట్టేసుకుంది. నేనిప్పుడు ఫైలుని కొత్తగా చదివించాను, నిజమే. కానీ ఇది అటు చూస్తే కదా! పక్కింటివాళ్ళు నంబర్ మార్చుకున్నా మన ఫోన్లో పాత నంబరే ఉంటే ఏమవుతుంది? ఎన్నిసార్లు కొట్టినా పాతదానికే వెళుతుంది. కొత్త నంబర్ మనం మళ్ళీ అడిగి రాసుకోవాలి."

"అయితే రాయించు."

చేతిలో ఉన్న పాత లెక్క వదిలేసి, కొత్తగా చదివిన ఫైలులోంచి మళ్ళీ తీసుకోమని ఆదేశం కొట్టింది బుల్లి. ఒక్క పంక్తి. మేడమ్ మూడోసారి ఆరువందల నలభై కొట్టింది.

కొలతలన్నీ తగ్గిపోయాయి. ఫార్మసిస్టు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చదివాడు. "సరిగ్గా ఉంది మేడమ్. ఆ పాపకి ఎంత కావాలో అంతే."

మేడమ్ టోపీ కింద నుదురు రుద్దుకుంది. సస్పెన్షన్ కాగితం మీద సంతకం ఆవిడదే. ఆవిడ వదిన ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఈ క్షణం నుంచి నువ్వు డ్యూటీలో ఉన్నట్టే. నేను అడగాల్సినవి అడక్కుండా సంతకం పెట్టాను. నన్ను క్షమించు."

వదిన లేచి నిలబడింది. పెద్దావిడ క్షమించమంటే కరిగిపోయే మొహం కాదు అది.

"డ్యూటీ ఇచ్చినందుకు సంతోషం మేడమ్. కానీ ఆ బిడ్డ తల్లి వరండాలో నన్ను చూసి మొహం తిప్పుకుంది. నా బిడ్డని చంపబోయావు అంది. ఆవిడకి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను. నువ్వు పక్కన నిలబడి ఉండగా చెబుతాను." మేడమ్ గిర్రున తిరిగింది. "ఫైలు మార్చాక మిషన్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలని మీకు తెలియదా?"

"నాకెవరూ చెప్పలేదు మేడమ్," అన్నాడు సర్వర్ సార్.

"చెప్పాను సార్!" ఈసారి బుల్లి గొంతు తగ్గించలేదు. "ఫైలు మార్చిన రోజే మీ గది గుమ్మంలో నిలబడి చెప్పాను. మిషన్ ఆపితే వార్డులన్నీ నా మీద పడతాయి, తీరిక చూసి నేనే ఆపిస్తాను, నువ్వు వెళ్ళు అన్నారు. మీ తీరిక ఒక పసిదాని ప్రాణం మీదకి తెచ్చింది. అది చాలక తప్పు మా వదిన నెత్తిన రుద్దారు. అదీ చాలక ఇవాళ మిషన్ ఆపించి, ఉన్న ఒక్క ఆధారమూ తుడిచేయబోయారు!"

"సాక్ష్యం ఉందా? ఊరికే నోరు పారేసుకోకు."

ఫార్మసిస్టు ఫోన్ మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. "నేను అడిగాను మేడమ్. మార్పు చేశారట కదా, ఆపమంటారా అని సార్‌ని అడిగాను. ఇప్పుడొద్దన్నారు."

వదిన అతని వైపు చూసింది. "మరి ఇన్నాళ్ళూ నోరు మెదపలేదేం?"

"నా ఉద్యోగం గురించి భయపడ్డానమ్మా."

"నాది ఉద్యోగం కాదా అన్నయ్యగారూ?"

అతను తల దించుకున్నాడు. వదిన ఇంకో మాట అనబోయింది. ఏదో తట్టినట్టు ఆ ఎర్ర టేపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"దీనికి టేపు వేశాక మా వార్డుకి సంచులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"పక్క భవనంలో పెద్దవాళ్ళకి కలిపే మిషన్ ఉందిగా, దాన్నుంచి," అన్నాడు ఫార్మసిస్టు. "ఆ పాపకి మాత్రం నేనే చేత్తో కలుపుతున్నాను. నిన్నటిదాకా మిగిలినవాళ్ళంతా పెరిగి రెండు కిలోల దగ్గరికొచ్చినవాళ్ళే."

"అందులో ఏ ప్రోగ్రామ్?" బుల్లి అడిగింది.

"ఇదే."

"దాన్ని ఎప్పుడు ఆపి మొదలుపెట్టారు?"

ప్రశ్న సర్వర్ సార్‌ని. ఆయన నేల వైపు చూశాడు. ఆ చూపే జవాబు.

"ఆ పాప కాక కిలో లోపు బిడ్డలింకెవరూ లేరు కదా?" మేడమ్ అడిగింది.

ఫార్మసిస్టు మొహం పాలిపోయింది. "పొద్దున కవలలొచ్చారు మేడమ్. ఇద్దరూ ఏడువందల లోపే. వాళ్ళ సంచులు ఆ మిషన్‌లోనే నింపి ఇందాకే పైకి పంపాను."

వదిన అప్పటికే గది దాటింది. టోపీ ఊడి గుమ్మంలో పడింది. మేడమ్ వార్డుకి ఫోన్ కలిపితే ఎంగేజ్ వచ్చింది. మళ్ళీ కలిపితే మళ్ళీ ఎంగేజ్. బుల్లి వదిన వెనకే మెట్లెక్కి పరిగెత్తింది. ఎప్పుడూ తనే ముందుండేది. ఇవాళ వదిన అందడం లేదు.

వార్డు తలుపు దగ్గర వదిన కార్డు ఆనించింది. ఎర్ర లైటు వెలిగింది. ఇంకోసారి ఆనించింది. మళ్ళీ ఎర్రదే.

"మీ కార్డు ఆపేశారమ్మా," కాపలావాడు అడ్డం వచ్చాడు. "మిమ్మల్ని లోపలికి వదలొద్దని ఆర్డర్."

"నన్ను డ్యూటీలో పెట్టారు! మేడమ్‌నే అడుగు! తలుపు తియ్!"

"కాగితం చూపించండమ్మా. నా మీదకి తేకండి."

అద్దంలోంచి లోపల అంతా కనిపిస్తోంది. కిటికీ పక్కన పక్కపక్కనే రెండు గాజు పెట్టెలు. కొత్త నర్సు మునివేళ్ళ మీద లేచి సంచి కొక్కేనికి తగిలించింది. గొట్టం సరిచూసుకుంది. మందు వదిలే చిన్న చక్రం మీద వేలు పెట్టింది.

వదిన రెండు అరచేతులతో అద్దం మీద దబదబా బాదింది. "ఆపు! ఆపమ్మా! తిప్పకు!"

దళసరి అద్దం. మాట లోపలికి పోలేదు. చప్పుడు మాత్రం పోయినట్టుంది, కొత్త నర్సు ఇటు తిరిగింది. సస్పెండ్ అయిన నర్సు తలుపు బాదుతోందని గుర్తుపట్టింది. జాలిగా చూసి, పిల్లలు పడుకున్నారు, చప్పుడు చేయొద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టింది.

ఆ వేలు తీసి, మళ్ళీ చక్రం మీద వేసింది.